లాస్ వేగాస్: డబ్బిచ్చి తీయించిన ఫొటోలు, ఆలస్యంగా అడిగిన మాటలు

1957లో డాన్ ఇంగ్లిష్ అనే ఫొటోగ్రాఫర్ లాస్ వేగాస్ దగ్గరి ఎడారి నేల మీద ఒక నర్తకిని నిలబెట్టి ఫొటో తీశాడు. ఆమె శాండ్స్ హోటల్లో ఆడే లీ మెర్లిన్. అణుబాంబు పేలినప్పుడు లేచే పుట్టగొడుగు మేఘం ఆకారంలో దూది కత్తిరించి ఆమె ఈత దుస్తులకు అంటించారు. రెండు చేతులూ పైకి చాచి నోరారా నవ్వుతోంది. ‘మిస్ అటామిక్ బాంబ్’ పేరుతో ఆ ఫొటో లోకమంతా తిరిగింది. అణుయుగం గురించి రాసేవాళ్లు ఇప్పటికీ దాన్ని వాడుకుంటూనే ఉన్నారు.

డాన్ ఇంగ్లిష్ పనిచేసింది లాస్ వేగాస్ న్యూస్ బ్యూరోలో. పేరులో న్యూస్ ఉంది గాని అది పత్రిక కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఊరి వ్యాపారులు చాంబర్ ఆఫ్ కామర్స్ ద్వారా చందాలు పోగుచేసి పెట్టుకున్న ప్రచార విభాగం. బ్యూరో పనితీరు చాలా తెలివైనది. హోటల్ ఈతకొలను పక్కన సేద తీరుతున్న మామూలు యాత్రికులకు ఫొటోలు తీసి, వాళ్ల సొంత ఊళ్ల పత్రికలకు ఉచితంగా పంపేవాళ్లు. మనూరాయన వేగాస్‌లో ఉన్నాడని అక్కడివాళ్లు చూసుకుని మురిసిపోయేవాళ్లు, మరుసటి ఏడాది తామూ బయల్దేరేవాళ్లు. శాండ్స్ ఈతకొలనులో నడుములోతు నీళ్లలో జూదపు బల్ల వేసి ఆడుతున్న జనం ఫొటో కూడా ఈ బ్యూరో సృష్టే. అంతకుముందు అలా ఎవరూ ఆడలేదు. ఫొటో కోసమే ఆడారు. అయినా 1950ల వేగాస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే.

దీని పక్కన పెట్టి చూడవలసినది నెవడా విశ్వవిద్యాలయం లాస్ వేగాస్ శాఖ చేయించిన అణుపరీక్షా స్థలం మౌఖిక చరిత్ర ప్రాజెక్టు. ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వాయవ్యాన ఉన్న నెవడా టెస్ట్ సైట్‌లో 1951 నుంచి 1962 దాకా నేలపైన, గాలిలో వంద బాంబులు పేల్చారు. 2003–2008 మధ్య మేరీ పలెవ్‌స్కీ నాయకత్వంలో 150 మందికి పైగా మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. శాస్త్రవేత్తలు, సొరంగాలు తవ్విన కార్మికులు, పరీక్షలకు దగ్గరగా నిలబెట్టిన సైనికులు, గాలివాటాన ఉండి ధూళి మీద పడ్డ ఊళ్లవాళ్లు, కంచె దగ్గర ధర్నాలు చేసినవాళ్లు అందరూ ఉన్నారు. 1863 నాటి రూబీ వ్యాలీ ఒప్పందం ప్రకారం ఆ నేల తమదేననే పశ్చిమ షోషోనీ పెద్దలూ ఉన్నారు.

రెంటినీ ఎదురుబదురుగా పెడితే ఫొటో అబద్ధమనీ, మాట నిజమనీ తీర్పు చెప్పెయ్యాలనిపిస్తుంది. కాని ఆ ఇంటర్వ్యూలు చదువుతూ పోతే ఆ తీర్పు నిలబడదు. బాధితుల గోడు మాత్రమే వినిపిస్తుందనుకున్నవాళ్లు ఆశాభంగం చెందుతారు. అక్కడ పనిచేసినవాళ్లలో చాలామంది గర్వంగా మాట్లాడతారు. మంచి జీతం, దేశం కోసం చేసిన పని, సోవియట్‌లతో పోటీ వాళ్లకు ముఖ్యం. రహస్యం కాపాడతామని సంతకం పెట్టి చేరిన మనుషులు కాబట్టి ఏళ్లు గడిచినా చెప్పదగినదీ చెప్పకూడనిదీ తూచుకునే మాట్లాడతారు. ఇటు ధూళి పడ్డ యూటా ఊళ్లవాళ్ల మాట వేరు. లాస్ వేగాస్, లాస్ ఏంజెలెస్ వైపు గాలి వీచని రోజు చూసుకుని పేల్చేవాళ్లు కాబట్టి ధూళి తూర్పుకు కొట్టుకుపోయేది. 1953 మే 19న పేల్చిన ‘హ్యారీ’ ధూళి సెయింట్ జార్జ్ పట్టణం మీద పడింది. ఈతకొలను పక్కన పడుకున్న యాత్రికుడికి మేఘం వినోదమయింది, గొర్రెల మంద కాసుకునే యూటా కాపరికి కాలేదు. ఇద్దరూ చూసింది ఒకే మేఘం.

ఇక్కడ ఇంకో సాక్ష్యాన్ని కూడా తీసుకురావాలి. 1970ల్లో అదే విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన రాల్ఫ్ రోస్కే తన విద్యార్థుల చేతికి టేప్ రికార్డర్లిచ్చి ఊళ్లోకి పంపాడు. తొలినాళ్ల లాస్ వేగాస్ గురించి పాత కాపురస్తుల్ని అడిగి రమ్మన్నాడు. రైల్వే ఉద్యోగులు, టీచర్లు, గృహిణులు, కాసినో పనివాళ్లు మాట్లాడారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడొచ్చారు, ఏ చర్చికి వెళ్తారు, తొలినాటి బాంబు పరీక్షలు గుర్తున్నాయా అని విద్యార్థులు వరసగా అడుగుతారు. బాంబుల ప్రశ్నకు వచ్చే జవాబులు చాలావరకు చిన్నవి. తెల్లవారుజామునే లేచి చూశామనో, కిటికీలు అదిరాయనో చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ముప్ఫై ఏళ్లయ్యాక అదే విషయం మీద గంటల తరబడి సంభాషణలు వచ్చాయి.

ఈ ముప్ఫై ఏళ్లలో మారింది జ్ఞాపకం ఒక్కటే కాదు. సెయింట్ జార్జ్ పరిసరాల జనం ప్రభుత్వం మీద కేసు వేశారు. 1984లో కింది కోర్టులో గెలిచి, పై కోర్టులో ఓడిపోయారు. 1990లో కాంగ్రెస్ రేడియేషన్ పరిహార చట్టం చేసి, కొన్ని జబ్బుల బారిన పడ్డ గాలివాటు ఊళ్లవాళ్లకు 50 వేల డాలర్లు ఇస్తామంది. అంటే తర్వాతి ఇంటర్వ్యూలలోని మనిషి తన కథకు కోర్టుల్లో విలువ ఉందని తెలిసిన మనిషి. రోస్కే విద్యార్థికి జవాబు చెప్పిన మనిషికి ఆ ఎరుక లేదు. ఎవరి మాట నిజమన్నది ఇక్కడ తప్పుడు ప్రశ్న. ఫొటోను చూసినప్పుడు ఎవరు డబ్బిచ్చారని అడగాలి. మాట విన్నప్పుడు ఎప్పుడు అడిగారు, ఎవరు అడిగారు అని చూడాలి. ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండా లాస్ వేగాస్ పాత చరిత్ర మీద రాసినవి ప్రచార పత్రమో, జ్ఞాపకాల విందో అయిపోతాయి.

ఆలస్యంగా అడగడం ఎప్పుడూ లోపమే అనుకోనక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు ముప్ఫై ఏళ్లు దాటాక పలకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. పోరాటం నడుస్తున్న రోజుల్లోనే అడిగి ఉంటే కమ్యూనిస్టు పార్టీ గురించి వాళ్లు ఆ పుస్తకంలో అన్న మాటలు బయటికి వచ్చేవి కావు. ఆలస్యం కొన్నిటిని చెరిపేస్తుంది, కొన్నిటికి నోరిస్తుంది.

లాస్ వేగాస్ పుట్టుక విషయంలో మాత్రం ఆలస్యం పూర్తి నష్టమే. 1905 మే 15న రైల్వే కంపెనీ చేసిన ప్లాట్ల వేలం ఫొటోలు అందరికీ తెలుసు. మండుటెండలో టోపీలు పెట్టుకున్న మగవాళ్ల గుంపు, వేలం వేదిక, చుట్టూ ఏమీ లేని నేల. రెండు రోజుల్లో దాదాపు 2,65,000 డాలర్లు పోగయ్యాయి. ఊరి పుట్టుక అనగానే పుస్తకాలన్నీ ఆ ఫొటోనే వేస్తాయి. సెనేటర్ విలియం క్లార్క్ రైల్వే కంపెనీ ఇంతకంటే ఏం కోరుకుంటుంది? పట్టాలకు పడమర పక్కన మెక్‌విలియమ్స్ అనే సర్వేయర్ అంతకుముందే వేసిన ఊరు ఆ ఫొటోలో లేదు. వేలం కాగానే అక్కడి గుడారాలు, దుకాణాలు చాలావరకు ఇటు తరలివచ్చాయి. అక్కడి నీటి ఊటల ఆధారంగా తరతరాలు బతికిన దక్షిణ పాయూట్‌లూ ఫొటోలో లేరు. తన పొలాన్ని 1902లో రైల్వేకు అమ్మిన హెలెన్ స్టీవార్ట్ 1911లో పాయూట్‌లకోసం పది ఎకరాలు రాసిచ్చింది. ఊరి చరిత్ర మీద ఎంతో ఆసక్తి ఉన్న ఆమె 1926లో చనిపోయింది. ఆమె గొంతు ఏ టేపులోనూ లేదు. రోస్కే విద్యార్థులు వెళ్లేసరికి వేలంనాటికి పెద్దవాళ్లయినవాళ్లు దాదాపు అందరూ పోయారు. ఊటలు కూడా 1962కల్లా ఎండిపోయాయి. కాబట్టి ఆ పుట్టుకకు మిగిలిన ప్రధాన సాక్షి వేలం ఫొటోయే. దాన్ని ప్రశ్నించే మాట ఇక దొరకదు.

డ్యామ్ దగ్గరికి వచ్చేసరికి పోలిక చిక్కబడుతుంది. 1931లో మొదలై 1935కి పూర్తయిన హూవర్ డ్యామ్ లాస్ వేగాస్ తలరాత మార్చింది. ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ తరఫున బెన్ గ్లాహా అక్కడ ఫొటోలు తీశాడు. కొండ చరియల్లో తాళ్లకు వేలాడుతూ రాతిని చెక్కుతున్న మనుషులు, రాక్షసి సొరంగాలు, కాంక్రీటు గోడ మీద పడే నీడలు. నా ఉద్దేశంలో అతను ప్రచార ఉద్యోగంలో ఉన్న కళాకారుడు. మనిషిని చిన్నగా, కట్టడాన్ని మహోన్నతంగా చూపే అతని చూపు ప్రభుత్వానికి సరిగ్గా పనికొచ్చింది. దీని పక్కన పెట్టదగిన పుస్తకం ఆండ్రూ డునార్, డెనిస్ మెక్‌బ్రైడ్ కలిసి 1993లో తెచ్చిన డ్యామ్ కార్మికుల మౌఖిక చరిత్ర. అందులో రచయితల మాట తక్కువ. మాట్లాడినవాళ్ల మాటల్నే విషయాల వారీగా పేర్చారు. పని కోసం వచ్చి నది ఒడ్డున గుడ్డపేలికల గుడారాల్లో కాపురం పెట్టినవాళ్లు, పగటి వేడికి పిల్లల్ని తడిగుడ్డల్లో చుట్టుకున్న తల్లులు, వడదెబ్బకు రాలిపోయిన తోటివాళ్లు, 1931 ఆగస్టు సమ్మె వీటి గురించి అక్కడ వింటాం. గ్లాహా కెమెరాలో రాతిని జయించే పని కనిపిస్తే వీళ్ల మాటల్లో ఆ పూట గడవడం వినిపిస్తుంది.

సొరంగాల్లో పెట్రోలు ట్రక్కులు నడిపి, ఆ పొగకు జబ్బుపడ్డవాళ్ల మరణాలను న్యుమోనియా కింద రాశారని కార్మికులు చెప్పుకున్నారు. అధికారికంగా లెక్కకెక్కిన 96 ప్రమాద మరణాల్లో అవి లేవు. బాధితులు కోర్టుకెక్కితే డ్యామ్ కట్టిన కంపెనీ చివరికి రాజీ చేసుకుంది. ఈ సంగతి ఏ ఫొటో చెప్పదు. విషవాయువు కెమెరాకు దొరికేది కాదు కదా. ఇక్కడ మాటదే పైచేయి.

అదే మాట ఇంకోచోట బోల్తా పడుతుంది. డ్యామ్ కాంక్రీటులో కొందరు కార్మికులు సజీవంగా సమాధి అయ్యారని తరాలుగా చెప్పుకుంటున్నారు. వినడానికి నమ్మేలా ఉంటుంది. కాని ఆ కథను కొట్టేసేవి ఇంజనీర్ల లెక్కలు, వాటితోపాటు ప్రభుత్వ ఫొటోలే. డ్యామ్‌ను ఒకే పోతగా పొయ్యలేదు. దిమ్మెలు దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కో బకెట్‌కు అంగుళాల లెక్కన ఎత్తు పెంచుతూ పోశారు. పోస్తున్న దిమ్మెలో నిలబడి కాంక్రీటు సర్దుతున్న మనుషుల్ని ఆ ఫొటోల్లో చూస్తే చాలు, అక్కడ మనిషి మునిగిపోయేంత లోతు లేదని తెలిసిపోతుంది. ప్రచారం కోసం తీసిన ఫొటో పుకారును పట్టించింది. అలాగని ఆ పుకారు పుట్టడానికి కారణం లేకపోలేదు. మరణాలను మరో పేరుతో రాసిన చోట శవాల్ని దాచారనే కథ పుట్టక మానదు. ఇటలీ మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి దీన్నే తెర్ని పట్టణంలో గమనించాడు. 1949లో పోలీసుల కాల్పుల్లో చనిపోయిన లూయిజీ త్రాస్తుల్లి అనే కార్మికుణ్ణి జనం 1953 నాటి ఉద్యోగాల తొలగింపు గొడవల్లో చనిపోయినట్టు చెప్పేవాళ్లు. ఆ పొరపాటు అబద్ధం కాదు, తమకు ఏ గాయం పెద్దదో ఆ జనం చెప్పిన తీరు అని పోర్తెల్లి వాదన. డ్యామ్ విషయంలోనూ అది సరిపోతుంది గాని, చరిత్రకారుడు తేదీ సరిచెయ్యడం మానెయ్యడానికి దాన్ని సాకుగా వాడుకోకూడదు.

కాసినోలను మాఫియా నడిపిన రోజులే నయం అనే మాట ఇంకొకటి. వేగాస్ పాతకాపుల నోట ఇది తరచూ వినిపిస్తుంది. అప్పట్లో యజమానికి మన పేరు తెలిసేది, భోజనం చవగ్గా దొరికేది, వీధులు భద్రంగా ఉండేవి అంటారు. పెద్ద కార్పొరేషన్లు హోటళ్లు కొనేసి, 1990ల్లో డ్యూన్స్, శాండ్స్ వంటి పాతవాటిని కూల్చేసిన తర్వాత మాట్లాడుతున్నవాళ్లు వాళ్లు. ఆ మాటలో తప్పిపోయిన ఉద్యోగ భద్రత మీద బెంగ ఉంది. దాన్ని 1950ల గురించిన సాక్ష్యంగా తీసుకుంటే బోల్తా పడతాం. గ్యాంగ్‌స్టర్ బగ్సీ సీగెల్ ఒక్కడే ఎడారిలో ఊరు లేపాడన్న కథా అంతే. అతని ఫ్లమింగో హోటల్ 1946 డిసెంబరులో తెరిచేనాటికే, ఇప్పుడు స్ట్రిప్ అని పిలిచే ఆ హోటళ్ల రోడ్డు మీద ఎల్ రాంచో వేగాస్, లాస్ట్ ఫ్రాంటియర్ నడుస్తున్నాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది పట్టాలకు పడమట ఉన్న వెస్ట్‌సైడ్. మెక్‌విలియమ్స్ వేసిన పాత ఊరే అది. 1940ల నుంచి నల్లజాతివాళ్లను నగరం అటు నెట్టింది. పట్టాలకు ఇటువైపు వాళ్ల దుకాణాలకు లైసెన్సులు కొనసాగించలేదు. అటువైపు రోడ్లు, మురుగు కాల్వలు వెయ్యలేదు. లూసియానాలోని టల్లులా, ఆర్కన్సాలోని ఫోర్డైస్ వంటి చోట్ల పత్తి పొలాలు, రంపపు మిల్లులు వదిలి వచ్చినవాళ్లు హోటళ్లలో గదులు ఊడ్చారు, గిన్నెలు తోమారు.

న్యూస్ బ్యూరో ఫొటోల్లో నల్లవాళ్లు లేరనలేం. వేదిక మీద సామీ డేవిస్ జూనియర్ ఉన్నాడు, నాట్ కింగ్ కోల్ ఉన్నాడు, వెలుగుల్లో మెరిసిపోతున్నారు. ఆ ఫొటోలో అబద్ధమేమీ లేదు. ఆట ముగిశాక ఏమయిందో మాత్రం అందులో ఉండదు. ఆ హోటల్లో వాళ్లకు గది ఇవ్వరు. వెనక తలుపు గుండా వెళ్లి వెస్ట్‌సైడ్‌లో హారిసన్ గెస్ట్ హౌస్ లాంటి ఇళ్లలో తలదాచుకోవాలి. ఈ సంగతి మనకు తెలిసింది ఆ ఇళ్లవాళ్లు, ఆ వీధివాళ్లు చెప్పబట్టే. ఈతకొలనులోకి నల్లజాతి తార దిగితే నీళ్లన్నీ తోడేయించారనే కథ కూడా ఉంది. ఒకరు డొరొతీ డాండ్రిడ్జ్ అంటారు, ఇంకొకరు సామీ డేవిస్ అంటారు. ఆ కథకు సాక్ష్యం వెతకడం కంటే, ఈతకొలను వాళ్లకు నిషిద్ధమన్న సంగతి మీద ఎవరికీ తేడా లేదని గమనించడం మేలు.

బ్యూరోకు సరైన ప్రతిపక్షం మాటల్లో కన్నా ఇంకో కెమెరాలో దొరికింది. 1960ల్లో క్లింటన్ రైట్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ వెస్ట్‌సైడ్‌లోనే ఉంటూ, అక్కడి పత్రికకు పనిచేస్తూ చర్చి సమావేశాలు, పెళ్లిళ్లు, పిల్లలు, దుకాణాలు, సభలు తీశాడు. అతని ఫొటోలు ఇప్పుడు విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. డాన్ ఇంగ్లిష్‌తో పోలిస్తే పనితనంలో మెరుపు తక్కువ, కొన్నిచోట్ల ఫ్లాష్ మొహం మీద కొడుతుంది. అయినా ఆ మనుషులు కెమెరాను చూసే చూపు వేరు. తీసేవాడు తమవాడని తెలిసిన చూపు. ‘ఎవరు డబ్బిచ్చారు’ అన్న నా ప్రశ్నకు ఇక్కడ జవాబు ఆ వీధి. 2003లో మొదలైన విశ్వవిద్యాలయ మౌఖిక చరిత్ర కేంద్రాన్ని నడిపిన క్లేటీ వైట్ ఆ వీధివాళ్ల మాటల్నే ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఆమె హోటల్ పనివాళ్లయిన నల్లజాతి స్త్రీల మీద పరిశోధన చేసిన మనిషి కాబట్టి ‘ఎవరు అడిగారు’ అన్న ప్రశ్నకూ జవాబు మంచిదే. వేగాస్ చరిత్రలో ఫొటో, మాట ఒకే పక్షాన నిలబడినది ఈ ఒక్కచోటే.

మిగతాచోట్ల రెండూ ఎలా విడిపోతాయో తెలియడానికి మూలాన్ రూజ్ ఉదాహరణ చూడండి. అన్ని జాతులవాళ్లనూ రానిచ్చిన తొలి కాసినో హోటల్ అది. 1955 మేలో వెస్ట్‌సైడ్ అంచున తెరిచారు. జూన్‌లో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా దాని నర్తకీమణుల్ని వేసింది. ఆ ఏడాదిలోనే మూతపడింది. ముఖచిత్రాన్ని చూస్తే అది ఒక విజయగాథ. ఎందుకు మూసేశారంటే అప్పులని కొందరు, నడిరాత్రి దాటాక వేసే మూడో ఆటకు స్ట్రిప్ హోటళ్ల జనమంతా తరలిపోతుంటే ఓర్వలేక పెద్దవాళ్లు నొక్కేశారని కొందరు చెబుతారు. 1960 మార్చి 26న అదే భవనంలో, పౌరహక్కుల సంఘం నాయకుడు, దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ స్ట్రిప్ మీద ఊరేగింపు చేస్తామని హెచ్చరించాక, హోటళ్లలో వివక్ష ఎత్తేసే ఒప్పందం కుదిరింది. మెక్‌మిలన్ తన జీవితాన్ని తర్వాత మౌఖిక చరిత్రగా చెప్పాడు. నాయకుడు చెప్పిన కథ కాబట్టి అందులో గెలుపు ఎక్కువ, గదులు ఊడ్చిన ఆడవాళ్లు తక్కువ.

వాళ్ల కథ 1971కి గాని వెలుగులోకి రాలేదు. టల్లులా నుంచి వచ్చిన రూబీ డంకన్ తదితర తల్లులు, రాష్ట్రం సంక్షేమ భత్యాలు కోసేసినందుకు మార్చి 6న సీజర్స్ ప్యాలెస్‌లోకి ఊరేగింపుగా చొచ్చుకుపోయారు. రెండు వారాల్లో కోర్టు భత్యాలను పునరుద్ధరించమంది. కెమెరాలు వెతుక్కున్నది మాత్రం వాళ్లతో కలిసి నడిచిన సినీతార జేన్ ఫోండానూ, పౌరహక్కుల నాయకుడు రాల్ఫ్ ఎబర్నాథీనీ. అనీలీస్ ఓర్లెక్ 2005లో ఆ తల్లుల మాటల ఆధారంగా పుస్తకం రాసి కథను మళ్లీ వాళ్ల చేతికిచ్చింది. గొప్ప పని. ఒక్క అభ్యంతరం. వేదికల మీద ఏళ్ల తరబడి చెప్పి చెప్పి నున్నబడిన కథలవి, రచయిత్రి వాళ్ల మీద ప్రేమతో ఆ నునుపును గీకి చూడలేదు.

న్యూస్ బ్యూరో ఫొటోల నిధి ఇప్పుడు ఊరి పర్యాటక సంస్థ చేతుల్లో ఉంది, మౌఖిక చరిత్రలు విశ్వవిద్యాలయంలో. ప్రచారానికి తీసిన ఫొటోల కింద తార పేరుంటుంది గాని, వెనక ట్రే పట్టుకు నిలబడ్డ మనిషి పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఆ ఫొటోలు తీసుకుపోయి రిటైరైన హోటల్ పనివాళ్ల ముందు పరిచి, ఈమె ఎవరు, ఆ రోజు ఏం జరిగిందని అడిగితే రెండు సాక్ష్యాలూ ఒకదాన్నొకటి నిలదీస్తాయి. 1955లో ఇరవై ఏళ్ల మనిషికి ఇప్పుడు తొంభై. రోస్కే విద్యార్థులు వెళ్లినప్పుడు వేలంనాటి మనుషులకు దాటిపోయిన వయసు అదే.